అద్దె పెరట్లో సొరపాదు

ఢిల్లీలో మేము ఎక్కువ కాలం ఉన్న ఇల్లు సాకేత్‌కు దగ్గర్లో, ఒక పాత కాలనీలో ఉండేది. ఒక్క అంతస్తు ఇల్లు. ముందు భాగంలో ఇంటావిడ ఉండేది. వెనక రెండు గదులూ, వంటిల్లూ మాకు అద్దెకిచ్చింది. వంటింటి తలుపు తీస్తే పెరడు. మా ఆయన ఆఫీసు గురుగ్రామ్‌లో. అక్కడే ఏదో ఒక టవర్లో ఫ్లాటు తీసుకుంటే రోజూ క్యాబ్‌లో పడే అవస్థ ఆయనకు తప్పేది. కానీ ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు ఆ పెరడు చూసి, నేను ఇంకో ఇల్లు చూడనన్నాను.

నిజానికి అప్పటికది పెరడు కాదు. పగిలిన టైల్సు, ఒక పాత సింకు, సిమెంటు పెళ్ళలు, వాటి మధ్య మొలలోతు పిచ్చిమొక్కలు. ఇంటావిడ గడప దాటకుండానే, "ఇక్కడ ఏదీ మొలవదు బేటా. మా ఆయన ఉన్న రోజుల్లో గులాబీలు పెట్టి చూశాం. నీ ఇష్టం, ఏం చేసుకుంటావో చేసుకో" అంది.

ఆవిడ పంజాబీ మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు, నోయిడాలో భార్యాపిల్లలతో ఉండేవాడు. ఆదివారాలు వచ్చి వెళ్ళేవాడు. నేను ఆవిణ్ణి ఆంటీజీ అనేదాన్ని. మా మాటలన్నీ హిందీలోనే. నాకు వచ్చిన హిందీ అంతంతమాత్రం. అందులోనూ సగం తెనాలి హిందీ. ఆవిడ నవ్వేది గాని, ఎప్పుడూ ఎగతాళి చేయలేదు.

మట్టిని దారికి తేవడానికే చాలా రోజులు పట్టింది. నేను ఇంట్లోంచే ఒక కంపెనీకి పని చేసేదాన్ని. సాయంత్రం లాప్‌టాప్ మూసేసి గునపం పట్టుకునేదాన్ని. చెత్తంతా ఎత్తించి, నర్సరీ నుంచి ఎరువు బస్తాలు ఆటోలో వేసుకొచ్చి, కూరగాయల తొక్కలూ ఎండుటాకులూ గోతిలో వేసి కప్పి, తడిపి, తిరగేసి. మే నెలలో వడగాలి కొట్టే రోజుల్లో కర్రలు పాతి, పాత చీరలు కట్టి మొక్కలకు నీడ పెట్టేదాన్ని. చలికాలంలో మెంతికూర, పాలకూర, ముల్లంగి, ఇక్కడి ఎర్ర క్యారెట్లు. ఎండాకాలానికి బెండ, బీర, సొర, గోంగూర. గోంగూర విత్తనాలు మా అమ్మ పొట్లం కట్టి పంపింది. కరివేపాకు మొక్క ఒకటి ప్రతి చలికాలం మోడయిపోయి, మార్చిలో మళ్ళీ ఒక చిగురు వేసి, చచ్చీ చెడీ బతికింది.

మా స్నేహం బీరకాయల దగ్గర మొదలైంది. ఒక ఏడు పాదు విరగకాసింది. ఇద్దరం తినలేక, ఒక బుట్టెడు ఆంటీకి ఇచ్చాను. మర్నాడు ముందువైపు వెళ్ళేసరికి ఆవిడ బీరకాయలు చెక్కు తీసి, ఆ చెక్కంతా చెత్తబుట్టలో వేయబోతోంది. నాకివ్వండి అన్నాను.

"దీన్నేం చేస్తావ్?"

"పచ్చడి."

"చెత్తతోనా?" అని నా మొహం కేసి చూసింది.

ఆ చెక్కుని నూనెలో వేయించి, ఎండుమిరపకాయలు, మినప్పప్పు, కాస్త చింతపండు వేసి రుబ్బి, పోపు పెట్టి ఒక గిన్నెలో ఇచ్చాను. అన్నంలో కలుపుకోమన్నాను. ఆవిడ రొట్టెతో తింది. మధ్యాహ్నం ఖాళీ గిన్నెలో బెల్లం ముక్కలు వేసి తిరిగి తెచ్చి, "ఇన్నేళ్ళూ నేను పారేసిందంతా తల్చుకుంటే ఏడుపొస్తోంది" అంది.

అప్పట్నుంచి రోజూ ఏదో ఒకటి అటూ ఇటూ నడిచేది. ఆవిడ దగ్గర ఒక పాత ఓవెన్ ఉండేది. గుండ్రటి అల్యూమినియం గిన్నె, మూత మధ్యలో చిన్న గాజు బిళ్ళ, పక్కన ప్లగ్గు. కొత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు కొన్నదట. మా ఇంట్లో ఓవెన్ అన్న మాటే లేదు. మా అమ్మకు కేకంటే బేకరీలో కొనేది. ఆంటీ నాకు బేకింగ్ నేర్పింది. మా ఎర్ర క్యారెట్లు కోరి, గోధుమపిండి, పెరుగు, బెల్లం, యాలకులతో కేకు. పాలకూర, మెంతికూర సన్నగా తరిగి శనగపిండిలో కలిపి, పైన నువ్వులు చల్లి కాల్చే కారం రొట్టె. సొరకాయ కోరితే వచ్చే నీళ్ళు పిండేసి, ఆ కోరుతో బ్రెడ్డులా మెత్తటి లోఫ్. పిండిన నీళ్ళతో చపాతీ పిండి కలిపేది. మూత తీసి చూడబోతే నా చేతి మీద ఒక్కటి వేసేది.

"వాసన చెబుతుంది బేటా. నువ్వు తీస్తే లోపల కూలిపోతుంది."

ఓవెన్ ముందు రెండు స్టూళ్ళు వేసుకుని కూర్చుని, కాఫీ తాగుతూ ఎన్ని సాయంత్రాలు గడిపామో. కాఫీ నా దగ్గర నేర్చుకుంది. తన అత్తగారు తనను ఎలా ఏడిపించిందో, కొడుకు పుట్టినప్పుడు ఎంత ప్రాణం మీదకి వచ్చిందో చెప్పేది. నాకు పిల్లలు లేకపోవడం గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఈ ఊళ్ళో ఆ ప్రశ్న అడగని ఆడమనిషి ఆవిడొక్కతే. దానికి నేను ఆవిడకు ఎంత రుణపడ్డాననుకున్నానో చెప్పలేను.

ఒక వానాకాలం నాకు డెంగీ వచ్చింది. మా ఆయన ఆసుపత్రికీ ఆఫీసుకీ మధ్య తిరుగుతుంటే, ఆంటీ మా వంటింట్లో నిలబడి సొరకాయ వేసిన కిచిడీ వండి, చెంచాతో తినిపించింది. తర్వాత ఒక చలికాలం ఆవిడ బాత్రూంలో జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కోడలు వచ్చి రెండు రోజులుండి వెళ్ళిపోయింది. ఆ సీజనంతా రెండు ఇళ్ళ వంటా నేనే. ఉప్పు తక్కువ, కారం తక్కువ ఆవిడకి వేరుగా తీసి, మిగతాదానికి పోపు పెట్టేదాన్ని. ఆదివారం కొడుకు వస్తే అతనికీ వడ్డించేదాన్ని. "మీ చేతి పప్పు తింటే ఇంట్లో పప్పు దిగదు" అనేవాడు. వెళ్ళేటప్పుడు డబ్బాలో ముల్లంగి పచ్చడి పట్టుకెళ్ళేవాడు. ఎవరైనా చుట్టాలు వస్తే ఆంటీ నన్ను చూపించి, "యే మేరీ బేటీ జైసీ హై" అనేది. జైసీ అంటే లాంటిది అని. ఆ రోజుల్లో నా చెవికి బేటీ అన్నది మాత్రమే వినపడేది.

మరుసటి ఏడు చలి తొందరగా తగ్గింది. ఫిబ్రవరి ఆఖరుకే మట్టి వెచ్చబడింది. క్యారెట్లు పీకేసి, మళ్ళు తిరగేసి, ఎండాకాలపు విత్తనాలు తీశాను. ఆంటీ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని ఎండలో కూర్చుంది. స్వెటర్ అల్లుతోంది.

"ఈసారి సొరపాదుకి గట్టి పందిరి వేయిద్దామనుకుంటున్నాను ఆంటీ. పోయినేడు తాళ్ళు తెగి కాయలన్నీ నేల మీద పడి కుళ్ళాయి" అన్నాను.

"వేయించు బేటా."

"గోడ పక్కన మునగ కొమ్మ కూడా నాటనా? రెండేళ్ళలో కాయ తింటాం."

ఆవిడ అల్లిక ఆపి, కుట్లు లెక్కపెట్టుకుంది. తర్వాత, "నాటు బేటా, నాటు" అంది.

వెదురు కర్రలు తెప్పించి, ఒక మనిషిని పెట్టి పందిరి కట్టించాను. ఎరువు దించినప్పుడు ఆంటీ తన పనమ్మాయిని సాయం పంపింది. సొరపాదు మొలిచి, రెండాకులేసి, నాలుగాకులేసి, ఏప్రిల్ మొదటికి పందిరి కర్ర పట్టుకుంది. గోంగూర జానెడు ఎత్తు వచ్చింది. మునగ కొమ్మకు చిగురు కనపడింది.

అలాంటి ఒక పొద్దున నేను వంటింట్లో ఇడ్లీ పెడుతున్నాను. పెరటి గేటు తీసిన చప్పుడైంది. చూస్తే నలుగురు మనుషులు. మూడు కాళ్ళ ఇనపస్టాండు, పొడుగాటి గొట్టాలు, ఒక పెద్ద సుత్తి లోపలికి మోసుకొస్తున్నారు. వాళ్ళ మేస్త్రీ కాబోలు, మెడలో ఐడీ కార్డు వేసుకున్నతను, పెరడంతా ఒకసారి చూసి గోంగూర మడిలోకి నడిచి, మడమతో నేల మీద గీత గీశాడు.

"భయ్యా, అక్కడ మొక్కలున్నాయి" అన్నాను.

"మేడమ్, వీటిని తీసేయాలి. ఇక్కడ బోర్ వేయాలి."

"నీళ్ళ బోరా? మాకెవరూ చెప్పలేదే."

"నీళ్ళది కాదు మేడమ్. మిట్టీ టెస్టింగ్. నాలుగంతస్తుల బిల్డింగు కదా, మట్టి ఎంత బరువు మోస్తుందో చూడాలి."

"ఏ బిల్డింగు?"

అతను నన్ను కాస్త జాలిగా చూసి, "ఇదే మేడమ్. బిల్డర్ పంపాడు. ఓనర్‌ని అడగండి" అన్నాడు.

స్టవ్ ఆపి, ముందువైపుకి వెళ్ళాను. ఆంటీ సోఫాలో కూర్చుని ఉంది. టీవీ పెట్టి ఉంది గాని చూడడం లేదు. నన్ను చూడగానే, "కూర్చో బేటా. చాయ్ పెట్టమంటాను" అంది. ఆవిడకు వాళ్ళు వస్తారని తెలుసు. ఆ మాట విన్నాక నాకు మరింకేమీ అడగక్కర్లేదనిపించింది. అయినా అడిగాను.

"ఇల్లు పడగొడుతున్నారా ఆంటీ?"

"అబ్బాయి కుదిర్చాడు. బిల్డరే కట్టి, మాకు రెండంతస్తులు ఇచ్చి, రెండు తను అమ్ముకుంటాడు. నేను ఒక్కదాన్నీ ఈ పాత ఇంట్లో ఎన్నాళ్ళుంటాను బేటా? పైకప్పు కారుతోంది, నీకూ తెలుసు."

"ఎప్పుడు కుదిరింది?"

ఆవిడ రిమోట్ తీసి టీవీ ఆపింది. "దీపావళికి."

దీపావళికి మేము కలిసి క్యారెట్ కేకు చేశాం. ఆ సంవత్సరపు మొదటి క్యారెట్లు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు బాధ కలుగుతుందని. ఇంకా టైముంది కదా, చెబుదాంలే అనుకున్నాను. అబ్బాయి కూడా అప్పుడే చెప్పొద్దన్నాడు."

"ఎందుకని?"

"ఏమో బేటా. కిరాయికున్నవాళ్ళకి ముందే తెలిస్తే కదలరనీ, గొడవ పెడతారనీ, కోర్టులనీ ఎవరో వాడికి చెప్పారు. నేనన్నాను, వీళ్ళు అలాంటి వాళ్ళు కాదని. నిజంగా అన్నాను."

పెరట్లో సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఒక్కో దెబ్బకీ ఆవిడ షోకేసులోని కప్పులు చిన్నగా మోగుతున్నాయి.

"నేను విత్తనాలు వేస్తుంటే మీరు కుర్చీ వేసుకుని చూశారు ఆంటీ. పందిరి కట్టిస్తుంటే చూశారు. మునగ నాటమన్నారు."

అప్పుడు ఆవిడ అన్న మాట నేను మరిచిపోలేదు. చాలా మామూలుగా, నన్ను ఓదారుస్తున్నట్టుగా అంది: "జూన్ దాకా టైముంది కదా బేటా. అంతదాకా అయినా నాలుగు కాయలు తింటాం కదా అనుకున్నాను."

చాయ్ వచ్చింది. నేను తాగకుండా లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను. ఆయన బూట్లు విప్పుకుంటూ అంతా విన్నాడు.

"ఇల్లు వాళ్ళది. వాళ్ళిష్టం. మనకి నోటీసు టైమైతే ఇచ్చారుగా" అన్నాడు.

"నోటీసు గురించి కాదండీ నేను చెప్పేది."

"మరి?"

నాకు చెప్పడం చేతకాలేదు. "ఆవిడ నాకు చెప్పుండాల్సింది" అన్నాను.

"నువ్వు ఆవిణ్ణి మన మనిషనుకున్నావు. ఆవిడకి మనం టెనెంట్స్‌మి. ఇందులో ఆవిడ తప్పు కూడా ఏముంది చెప్పు" అని, ఫోన్ తీసి గురుగ్రామ్‌లో ఫ్లాట్లు వెతకడం మొదలుపెట్టాడు. ఆయన గొంతులో కొంచెం తేలికదనం వినపడింది. రోజూ క్యాబ్ బాధ తప్పుతుంది మరి. అది కూడా నాకు ఆ రోజు భరించరానిదిగా తోచింది.

మిగిలిన వారాలు నేను ముందువైపు తలుపు తట్టలేదు. ఆవిడ మాత్రం పనమ్మాయి చేత ఒక రోజు కారం రొట్టె పంపింది, వెచ్చగా, పైన గుడ్డ కప్పి. తిన్నాం. పారేయడానికి చేతులు రాలేదు. ప్లేటు కడిగి, ఖాళీగా తిప్పి పంపాను. అన్నేళ్ళలో మా ఇద్దరి మధ్య ఏ గిన్నే ఖాళీగా వెళ్ళలేదు, కనీసం నాలుగు మిరపకాయలో, ఒక నిమ్మకాయో ఉండేది. పనమ్మాయి ప్లేటు తీసుకుని, ఇంకేమైనా ఇస్తానేమోనని కాసేపు నిలబడింది. "అంతే, తీసుకెళ్ళు" అన్నాను.

బోరు వేసిన చోట గోంగూర సగం పోయింది. గొట్టంతో పైకి తీసిన లోపలి మట్టి పసుపు రంగులో, రాళ్ళతో, మడి మీద కుప్పగా పడి ఉండేది. నేను ఇన్నేళ్ళు చేసిన నల్లమట్టి జానెడంటే జానెడే. దాని కిందంతా అదే. నీళ్ళు పోయడం మానేద్దామని ఒక పూట అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఆకులు వాలిపోవడం చూసి, పైపు పట్టుకున్నాను. సొరపాదు మాత్రం ఏమీ పట్టనట్టు పందిరంతా పాకింది. పూలు వచ్చాయి, పిందెలు వచ్చాయి.

సామాను కట్టే వారంలో అన్నీ కోసేశాను. చేతి పొడవు లేని సొరపిందెలతో పాలు పోసి కూర చేశాను. లేత బెండకాయలు వేయించాను. గోంగూర మొత్తం కాడలతో సహా పీకి, ఆకు దూసి, కడిగి, గుడ్డ మీద ఆరబోసి నిలవ పచ్చడి పెట్టాను. నూనెలో ఆకు మగ్గుతుంటే ఆ పుల్లటి వాసన ఇల్లంతా పట్టేసింది. ముందువైపుకి కూడా వెళ్ళే ఉంటుంది. కాసేపటికి ఆంటీ తనే నడిచి, పెరటి వైపు నుంచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. చేతిలో ఒక చిన్న గాజు సీసా. కడిగి, తుడిచి తెచ్చుకుంది.

"ఆ పుల్లటి పచ్చడేనా బేటా? వాసన వచ్చింది."

"అవునాంటీ."

"నాకు కొంచెం..." అని సీసా కాస్త ముందుకు చాపింది.

"ఇది ఊరాలి. ఇప్పుడు తినకూడదు" అన్నాను.

"అచ్ఛా. ఊరాక ఇస్తావా?"

"ఊరేసరికి మేం ఉండం."

ఆవిడ నా మొహం చూసింది. ఆ పచ్చడి వేడి వేడిగా, కళాయిలోంచే, రొట్టెతో తినడం ఆవిడకు నేనే అలవాటు చేశాను. అది ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. సీసా చున్నీ చాటుకి తీసుకుని, "ఠీక్ హై" అని వెళ్ళిపోయింది. ఇవ్వనందుకు నాకు ఆ రోజు బాధ లేదు. ఇప్పటికీ లేదు.

లారీ ఎక్కించే రోజు కొడుకు వచ్చాడు. తాళాలు తీసుకుని, గదులు చూసుకుని, మా ఆయనతో చేయి కలిపి, "మీలాంటి కిరాయేదార్లు దొరకరు భాయ్‌సాబ్, ఒక్క మేకు కూడా కొట్టలేదు గోడలకి" అన్నాడు. పెరట్లోకి తొంగి చూసి, "ఈ వెదురు కర్రలు మీవా? తీసుకెళ్తారా?" అని అడిగాడు. వద్దన్నాను. ఆంటీ గుమ్మంలో నిలబడి నన్ను దగ్గరకు తీసుకుంది. నేను కదలకుండా నిలబడ్డాను.

ఇప్పుడు మేము గురుగ్రామ్‌లో ఉంటున్నాం. చాలా పైఅంతస్తు. బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టి ఉంది. కూరలు యాప్‌లో వస్తాయి, అన్నీ ఒకే పొడవు, ఒకే రంగు. నా పుట్టినరోజుకి మా ఆయన పెద్ద కరెంటు ఓవెన్ కొన్నాడు, నా కోసమే. మొదట్లో రెండుసార్లు క్యారెట్ కేకు చేశాను, బానే వచ్చింది. తర్వాత చేయలేదు. కుండీలు తెద్దామా అని ఆయన అప్పుడప్పుడూ అంటాడు. వద్దంటాను. ఇది కూడా అద్దె ఇల్లే.

ఒకసారి పని మీద అటు వెళ్ళినప్పుడు ఆ వీధిలోంచి వచ్చాను. నాలుగంతస్తులూ లేచాయి. కింద అంతా కార్ల పార్కింగు. పెరడు ఉన్న చోట దాకా సిమెంటు పోశారు. ఆంటీ అక్కడ లేదు. రెండు అంతస్తులూ కొడుకు అద్దెకిచ్చి, ఆవిణ్ణి నోయిడా తీసుకెళ్ళిపోయాడని వాచ్‌మన్ చెప్పాడు.

ఆవిడ అప్పుడప్పుడూ మధ్యాహ్నం పూట ఫోన్ చేస్తుంది. నేను చేయను, ఆవిడ చేస్తే ఎత్తుతాను. అక్కడ వంటింట్లోకి ఆవిణ్ణి రానివ్వరట. వంటమనిషి వస్తుంది. కోడలికి నూనె వాసన పడదట. ఓవెన్‌ని ఇల్లు మారేటప్పుడే పాత సామాన్లు కొనే కబాడీకి ఇచ్చేశారట. ఇవన్నీ వింటుంటే నాకు జాలి వేస్తుంది. ఆ జాలితో పాటు ఇంకోటి కూడా ఉంటుంది. దాని పేరు నాకు తెలుసు. పైకి అనను.

పోయిన వారం కూడా చేసింది.

"ఏం వండావ్ బేటా ఇవాళ?"

"దొండకాయ వేపుడు ఆంటీ."

"ఎక్కడివి?"

"కొన్నవే."

ఫోన్లో ఆవిడ వెనక ఎవరో పిల్లలు అరుస్తున్నారు, టీవీ మోగుతోంది. తర్వాత మోకాళ్ళ నొప్పుల గురించి కొంత చెప్పి, "ఎప్పుడైనా రా బేటా, మెట్రోలో వచ్చేయొచ్చు" అంది.

"వస్తానాంటీ" అన్నాను. ఇద్దరం ఫోన్ పెట్టేశాం. నేను వెళ్ళను. ఆవిడకూ ఆ సంగతి తెలుసుననే అనుకుంటాను.